కోపం, మొండితనం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎదురెదురుగా కలుసుకునే గ్రూపు హైదరాబాద్‌లో ఉందా?

కేపీహెచ్‌బీ_అమ్మ
బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఏడీహెచ్‌డీ అని చెప్పారు, అంటే ధ్యాస నిలవదు, కుదురుగా ఉండలేడు. దానికి తోడు విపరీతమైన కోపం. చేతికందింది విసిరేస్తాడు, కొరుకుతాడు, కాసేపటికి తనే వచ్చి ఒళ్ళో పడుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. మొన్న క్లాసులో పక్కపిల్లాడి టిఫిన్ డబ్బా గోడకేసి కొట్టాడట. ప్రిన్సిపల్ పిలిచి "టీసీ తీసుకుంటే మీకే మంచిది" అన్నారు. లిఫ్టులో మమ్మల్ని చూస్తే పక్క ఫ్లాట్ల వాళ్ళు వాళ్ళ పిల్లల్ని వెనక్కి లాక్కుంటారు. అత్తగారేమో అంతా నా పెంపకం అంటారు.

ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. వందల మంది. పొద్దున శుభోదయాలు, మధ్యాహ్నం పిల్లలకి నయమవుతుందంటూ ఒంటె పాలు, రాత్రి స్టెమ్ సెల్ చికిత్స ప్యాకేజీలు. ఓ రాత్రి ఏడుపు ఆగక నా గోడు అందులో రాసుకుంటే, తెల్లారేసరికి "మేడమ్, మా థెరపీ సెంటర్లో డిస్కౌంట్ నడుస్తోంది" అని ఫోన్లు.

మనుషులు ఎదురుగా కూర్చుని తెలుగులో మాట్లాడుకునే గ్రూపు ఏదైనా ఉందా? వెళ్ళినవాళ్ళకి నిజంగా ఏమైనా ఒరిగిందా? మా ఆయన "ఇంటి గుట్టు పదిమందిలో పెడతావా" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

మెట్రో_రెడ్‌లైన్
ఒంటె పాలు మా గ్రూపులోనూ ఉన్నాయి. అడ్మినే అమ్ముతాడు.

లెక్కలసారు_అల్వాల్
మా అబ్బాయికి పదిహేడు, ఆటిజం. బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీకి వెళ్ళామ్మా మేము. 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ప్రధానంగా మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం. బిడ్డని పరీక్షించడంతో పాటు ఇంట్లో ఏం చెయ్యాలో తల్లిదండ్రులకీ నేర్పుతారు. నాకు మాత్రం ఎక్కువ పనికొచ్చింది అక్కడి వరండాలో మా వంతు కోసం కూర్చున్న సమయం. పక్కన కూర్చున్నవాళ్ళతో మాటలు కలిశాయి. అలా కలిసిన కుటుంబాలే తర్వాత మా గ్రూపు అయ్యాయి.

పద్దెనిమిది నిండాక కన్నతండ్రినైనా చట్టం ముందు వాడికి నేను సంరక్షకుణ్ణి కాను. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ చట్టం కిందే నిరామయ అని లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకి వర్తిస్తుంది. ఇవి నాకు డాక్టరు చెప్పలేదు, ఆఫీసు చెప్పలేదు. గ్రూపులో మాకంటే పెద్ద పిల్లలున్న తల్లి చెప్పింది. మీ ఆయనకి ఇది చెప్పండి.

రాత్రిడ్యూటీ_గచ్చిబౌలి
నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. నేను, మా ఆవిడ ఒక మీటింగుకి వెళ్ళాం. ముప్పై మంది వరసగా ఏడ్చారు. ఒకాయన కొడుకు ఇరవై ఏళ్ళవాడు, తల్లిని తోస్తే ఆవిడ చెయ్యి విరిగిందట. మా వాడికి ఆరేళ్ళే. ఇంటికొచ్చాక మా ఆవిడ నిద్రపోలేదు. "మన వాడూ అలాగే అవుతాడా" అని అదే మాట. పరిష్కారం ఎవరూ చెప్పలేదు. ఉన్న భయానికి ఇంకో భయం తోడైంది, అంతే. అదే డబ్బు, అదే సమయం డాక్టరు మీద పెట్టడం మేలు.

పావని_ఎల్బీనగర్
@రాత్రిడ్యూటీ గారు, ముప్పై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఏడవమంటే అలాగే అవుతుంది. అది మీ తప్పు కాదు, నడిపినవాళ్ళకి నడపడం రాలేదు. ఆరేళ్ళ పిల్లాడి తల్లిదండ్రుల్నీ ఇరవై ఏళ్ళవాడి తల్లిదండ్రుల్నీ కలిపి కూర్చోబెట్టకూడదు.

మాది చిన్నది. ఏడెనిమిది కుటుంబాలు, పిల్లలందరూ ఆరు నుంచి పదకొండేళ్ళ లోపు. ఆదివారం పొద్దున ఎవరో ఒకరింట్లో. ఫోన్లు బుట్టలో పడేస్తాం. పిల్లల ఫొటోలు, వీడియోలు తియ్యడం లేదు, పంపడం లేదు. ఎవరి బిడ్డ తినే మందు గురించి ఇంకొకరు తీర్పు చెప్పకూడదు. ఒకరు మాట్లాడుతుంటే "నువ్వు ఇలా చేసి ఉండాల్సింది" అనకూడదు. అడిగితేనే సలహా. కాలేజీలో స్పెషల్ ఎడ్యుకేషన్ చదివే ఇద్దరు అమ్మాయిలు పిల్లల్ని పక్క గదిలో ఆడిస్తారు, వాళ్ళకి డబ్బులిస్తాం.

ఏం ఒరిగిందని అడిగారు కదా, ఒక్కటి చెప్తాను. మా పాప స్కూలు నుంచి రాగానే తమ్ముణ్ణి కొట్టేది. ఎందుకో తెలిసేది కాదు, మొండి అనుకునేవాళ్ళం. గ్రూపులో ఒక తల్లి తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. మామూలు గీతల పుస్తకం, స్కేలుతో మూడు గడులు కొట్టుకుంది. గొడవకి ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేసింది, ఆ తర్వాత మనం ఏం చేశాం. అంతే. తిట్లు, బాధ, కారణాలు ఏవీ రాయకూడదు, చూసింది మాత్రమే. నేనూ రాశాను. చూస్తే దాదాపు అన్ని గొడవలూ బస్సు దిగిన అరగంట లోపే! లంచ్ డబ్బా చూస్తే సగం అలాగే ఉండేది. క్యాంటీన్ గోలలో తినలేకపోయేదట. ఇప్పుడు బస్సు దిగగానే ఏ ప్రశ్నా అడగం. పెరుగన్నం పెట్టి, ఫ్యాను కింద కాసేపు ఒంటరిగా వదిలేస్తాం. తమ్ముడు అప్పటిదాకా కింద వాచ్‌మన్ పిల్లలతో ఆడుకుంటాడు. కొట్టడం పూర్తిగా పోలేదు, చాలా తగ్గింది.

ఈ గడుల పద్ధతి డాక్టరు ముందే చెప్పారు. ఇంకో తల్లి పుస్తకంలో పసుపు మరకలతో చూసేదాకా నేను మాత్రం మొదలుపెట్టలేదు.

మెట్రో_రెడ్‌లైన్
ఆ చివరి రెండు ముక్కలు మా ఆవిడకి చదివి వినిపించాను. పుస్తకం కొనడానికి వెళ్తున్నాం.

పిల్లల_సైకాలజీ
ఈ రంగంలో పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. తల్లిదండ్రులు ఒకరికొకరు తోడుగా ఉండే గ్రూపు ఒకటి. పిల్లల ప్రవర్తనని ఎలా మలచాలో వారం వారం నేర్పే శిక్షణ ఇంకొకటి. మొదటిది మనసు నిలబెడుతుంది, రెండోది చికిత్సలో భాగం. ఏడీహెచ్‌డీలో ఆరేళ్ళలోపు పిల్లలకి మందుకన్నా ముందు సిఫార్సు చేసేది తల్లిదండ్రులకి ఇచ్చే ఆ శిక్షణనే. ఆరు దాటాక మందూ శిక్షణా రెండూ. రాత్రిడ్యూటీ గారి బాబుకి ఆరేళ్ళంటున్నారు కాబట్టి మీ డాక్టర్ని "మాకు శిక్షణ ఎక్కడ" అని అడగండి. గ్రూపు నచ్చకపోతే మానెయ్యండి, శిక్షణ మాత్రం మానొద్దు.

స్టెమ్ సెల్, అంటే మూలకణాల విషయం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగ పరీక్షల్లో భాగంగానే జరగాలి. ప్రయోగ పరీక్షకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా లక్షల్లో ప్యాకేజీ చెప్పారంటే అక్కడే లేచి వచ్చెయ్యండి.

థెరపిస్టు ఎవరైనా సరే, క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. దాన్నే సీఆర్ఆర్ నంబరంటారు. ఉన్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

హిమాయత్‌నగర్_నాన్న
మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలంటగా? మా బావమరిది మెదడు మొద్దుబారుతుందన్నాడు. ఎవరైనా ఆపేసినవాళ్ళు ఉన్నారా, ఎంత డోసు వాడారు?

మోడరేటర్
డోసులు ఇక్కడ రాయొద్దు. రాసిన పోస్టులు తీసేస్తాం.

పిల్లల_సైకాలజీ
@హిమాయత్‌నగర్_నాన్న గారు, జీవితాంతం అనే నియమం లేదు. మధ్యమధ్యలో డాక్టరే సమీక్షించి, అవసరం ఉందో లేదో చూస్తారు. ఆకలి, బరువు, ఎత్తు, బీపీ గమనిస్తూ ఉంటారు. పిల్లాడు మందకొడిగా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి, సర్దుబాటు చేస్తారు. మీ అంతట మీరు ఆపకండి, మీ బావమరిది చెప్పారని అసలే ఆపకండి.

నాయనమ్మ_సైదాబాద్
అందరు అత్తల మీదనే పడ్తున్నరు గని, మాకు ఎవ్వరన్న సమజైతట్టు చెప్పిన్రా? డాక్టరు కాడికి మొగుడు పెండ్లాలిద్దరే పోతరు. ఇంటికొచ్చి "వానికేదో ఉందట" అని తలుపేసుకుంటరు. పొద్దుందాక పోరడు నా కాడ్నే ఉంటడు. వాడు కొరికితె తగిలేది నాకు. వానికేమైందో తెల్వనిది నాకే.

నా కోడలు మంచిది, నన్ను మీటింగుకు తోల్కపోయింది. ఆడ ఒక డాక్టరమ్మ చెప్పింది, వాడు కావాలని చేస్తలేడు, ఆగుమంటె ఆగే శక్తి మెదడుల ఇంక పెరగలేదు అని. గప్పుడు నాకు కడుపుల దేవినట్టయింది. అప్పటిసంది నేను కొడ్తలేను. కేపీహెచ్‌బీ బిడ్డా, మీ అత్తను గూడ తీస్కపో. ముందుగల్లనే ఆమె మీద చెప్పకు, ఊకె కూసోవెట్టు. తీరు తీరు మనుషులు మాట్లాడుతుంటె ఇంటది.

పావని_ఎల్బీనగర్
అమ్మా, మా గ్రూపులోకి మీరు రావాలి.

నాయనమ్మ_సైదాబాద్
సైదాబాద్ల ఉంటె ఎల్బీనగర్ ఎంత దూరం బిడ్డా, ఆటోల వస్త.

కేపీహెచ్‌బీ_అమ్మ
పెద్దమ్మా, మీరు రాసింది మా అత్తగారికి చూపించాను. ఏమీ అనలేదు. కానీ సాయంత్రం బాబు ప్లేటు విసిరితే "నేను తీస్తాలే" అన్నారు.

టీసీ విషయం ఎవరైనా చెప్పగలరా? సోమవారం మళ్ళీ రమ్మన్నారు.

చట్టం_నల్లకుంట
టీసీ అడగమని వాళ్ళంటే "లిఖితపూర్వకంగా ఇవ్వండి" అనండి. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు బడి నుంచి పిల్లల్ని వెళ్ళగొట్టకూడదు. 2019లో మార్పు వచ్చింది ఫెయిల్ చెయ్యడం గురించి, వెళ్ళగొట్టకూడదన్న నిషేధం అలాగే ఉంది. సెక్షన్ 17 కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ఒక్క మినహాయింపు, మైనారిటీ సంస్థలకి ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మీ స్కూలు ఏ కోవలోదో చూసుకోండి.

ఇంకోటి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది, అభ్యసన వైకల్యం ఉంది, మానసిక అనారోగ్యం ఉంది. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. మీ బాబుకి చదవడం, రాయడంలో కూడా ఇబ్బంది ఉంటే ఆ పరీక్ష చేయించండి. ఏడీహెచ్‌డీతో పాటు అది ఉండే పిల్లలు చాలామంది. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగడానికి బలం ఉంటుంది.

లెక్కలసారు_అల్వాల్
చట్టం గారు చెప్పింది నిజమే, సోమవారం మాత్రం చట్టం కాగితంతో మొదలుపెట్టొద్దమ్మా. నేను ముప్పై ఏళ్ళ పైన బళ్ళో పనిచేశాను. టీచరుకీ భయమే, నలభై మంది పిల్లల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే తనని అంటారని. డాక్టరు రాసిన ఒక పేజీ తీసుకెళ్ళండి. బాబుని ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టమనండి. గంటకోసారి బోర్డు తుడవడానికో, రిజిస్టరు ఇచ్చి రావడానికో పంపమనండి. కోపం వచ్చేముందు వాడికి కనిపించే గుర్తు ఏదో, చెవులు ఎర్రబడటమో, పెన్సిలు గట్టిగా నొక్కడమో, మీకు తెలుసు కదా, అది టీచరుకి చెప్పండి. వినకపోతే అప్పుడు నల్లకుంట కాగితం తియ్యండి.

చట్టం_నల్లకుంట
సరే సార్, నా కాగితం జేబులోనే ఉంటుంది.

పేరు_వద్దు
మీ అందరి పిల్లలూ చిన్నవాళ్ళు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. హాస్టల్ నుంచి తీసుకొచ్చేశాం. మోచేతి దగ్గర గాట్లు చూశాను. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, డిప్రెషన్ అన్నారు. చుట్టాలకి టైఫాయిడ్ అని చెప్పాం. గ్రూపులన్నీ ఆటిజం, ఏడీహెచ్‌డీ వాళ్ళవే. మాలాంటి వాళ్ళకి చోటు ఉంటుందా?

పిల్లల_సైకాలజీ
ఉంటుందమ్మా. ఉండాలి కూడా. ముందు ఇంట్లో రెండు పనులు. మాత్రలు, పురుగుమందులు, ఫినాయిల్ లాంటివి అన్నీ తాళం వేసి పెట్టండి, డాక్టరిచ్చిన మందు కూడా మీ చేతుల్లోనే ఉండాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకి చెప్పండి, అర్ధరాత్రయినా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ అది. మీరు మీ కోసం కూడా చెయ్యొచ్చు, అమ్మాయి కోసమే అని లేదు.

వనస్థలి_తల్లి
@పేరు_వద్దు, మేమూ ఇదే దారిలో వచ్చాం అక్కా. మా అబ్బాయి ఇప్పుడు డిగ్రీ. పెద్దపిల్లల తల్లుల గ్రూపు ఇంకా చిన్నగా ఉండాలి, మేం నలుగురమే. వెళ్ళేముందు వాణ్ణి అడిగి వెళ్ళేదాన్ని. "నీ గురించి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు?" హాస్టల్ సంగతి చెప్పొచ్చు, చేతి సంగతి వద్దన్నాడు. నేను చెప్పలేదు. నాలుగైదు నెలలకి వాడే "మీ వాళ్ళు ఏమన్నారు" అని అడగడం మొదలుపెట్టాడు. పిల్లలు పెద్దయ్యాక ఆ కథ వాళ్ళది, మనం అడక్కుండా పంచిపెట్టకూడదు. ప్రైవేట్ మెసేజ్ చెయ్యండి.

పేరు_వద్దు
చేశాను.

గోదారోడు_ఉప్పల్
నాన్నల గురించి ఎవరూ రాయలేదండి. మా గ్రూపులో మొదట్లో మగాళ్ళు వచ్చేవారు కాదు, వచ్చినా ఫోన్లు చూసుకుంటూ గుమ్మంలో నిలబడేవారు. ఇప్పుడు మేం విడిగా ఇందిరా పార్కులో పొద్దున్నే నడుస్తున్నామండి. కూర్చోబెట్టి "మీ బాధ చెప్పండి" అంటే నోరు పెగలదు. పక్కపక్కన నడుస్తుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు కదా, రెండో రౌండుకి మాటలు వచ్చేస్తాయి. మొన్న ఒకాయన, పోలీసు డిపార్టుమెంటండి, కూతురు కేకలేస్తే తను బాత్రూంలోకెళ్ళి నల్లా తిప్పి కూర్చుంటానని చెప్పాడు. పక్కనున్న ఇద్దరు "మేమూ" అన్నారు. తర్వాత ఇడ్లీ, మిరపకాయ బజ్జీ. సగం మంది బజ్జీ కోసమే వస్తున్నారు, రానివ్వండి.

కేపీహెచ్‌బీ చెల్లాయ్, మీ ఆయన్ని ఒక్క ఆదివారం పంపు. ఏం మాట్లాడక్కర్లేదని చెప్పు.

రాత్రిడ్యూటీ_గచ్చిబౌలి
నడక అయితే నేనూ వస్తాను. నైట్ షిఫ్ట్ అయ్యాక నేరుగా.

గోదారోడు_ఉప్పల్
రండి సార్. నిద్రమొహంతో వచ్చేవాళ్ళు ముగ్గురున్నారు ఆల్రెడీ.

మెట్రో_రెడ్‌లైన్
మధ్యలో దూరుతున్నాను. వినాయక చవితికి మా వీధి డీజే తట్టుకోలేక బాబు మంచం కిందకి దూరిపోతాడు. ఏం చేస్తున్నారు?

పావని_ఎల్బీనగర్
చెవులు మూసే ఇయర్‌మఫ్స్, పండగకి వారం ముందే రోజూ కాసేపు పెట్టి అలవాటు చెయ్యాలి. నిమజ్జనం రోజు మాత్రం మేం ఊరు వెళ్ళిపోతాం. మండపం కుర్రాళ్ళకి వెళ్ళి చెప్తే ఒకసారి స్పీకరు అటు తిప్పారు. అడగండి, అందరూ రాక్షసులు కారు.

హిమాయత్‌నగర్_నాన్న
అసలు విషయానికొస్తే కూకట్‌పల్లి వైపు చిన్న గ్రూపు లేదు కదా. ఎన్ఐఈపీఐడీ అటు చివర, ఎల్బీనగర్ ఇటు చివర.

కేపీహెచ్‌బీ_అమ్మ
అదే ఆలోచిస్తున్నాను. పావని గారు రాసిన నియమాలతోనే ఇక్కడ మొదలుపెడతాను. ఆరు నుంచి పదేళ్ళ పిల్లల తల్లిదండ్రులు, ఆరు కుటుంబాలకి మించకుండా. నెలకి రెండు ఆదివారాలు. అపార్టుమెంటు క్లబ్‌హౌస్ అడిగితే అసోసియేషన్ వాళ్ళు "ఎలాంటి పిల్లలు" అని ఆరా తీశారు, అక్కడ వద్దనుకున్నాను. మా ఇంట్లోనే.

సోమవారం స్కూలుకి లెక్కల సారు చెప్పినట్టే వెళ్ళాను. ప్రిన్సిపల్ పెద్దగా మారలేదు, "చూద్దాం" అన్నారు. క్లాస్ టీచరు మాత్రం బయటికొచ్చి, తన అన్న కొడుక్కీ ఇలాగే ఉందని, రిజిస్టరు మోసే పని ఇస్తానని చెప్పింది. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఇందిరా పార్కు టైము ఎంత అని మాత్రం అడిగారు.

గోదారోడు_ఉప్పల్
ఆరింటికండి. గేటు దగ్గర ఎర్ర టోపీ నాది.

పిల్లల_సైకాలజీ
రెండు నెలలకోసారి నేను వచ్చి ఒక గంట కూర్చుంటాను, ఫీజు వద్దు. కానీ నేను వచ్చిన రోజు క్లినిక్ అయిపోకూడదు. ప్రశ్నలకి జవాబులు చెప్పి వెళ్ళిపోతాను, మిగతా ఆదివారాలు మీవే.

హిమాయత్‌నగర్_నాన్న
ఒక కుటుంబం మాది రాసుకోండి. బాబుకి ఏడు. పరిగెత్తే రకం, ఇంటి తలుపుకి పై గొళ్ళెం ఉందా?

కేపీహెచ్‌బీ_అమ్మ
ఉంది, బాల్కనీకి గ్రిల్ కూడా ఉంది. గాజు సామాను తీసేస్తాను. మీ బాబు తినేది ఏదో మీరే తెచ్చుకోండి, తినకపోతే ఎవరూ బలవంతం చెయ్యరు. అడ్రసు మెసేజ్‌లో పంపుతున్నాను. ఇంకా నాలుగు కుటుంబాలకి చోటుంది.

మెట్రో_రెడ్‌లైన్
మియాపూర్ నుంచి మేం. రాసుకోండి.